బ్రిజిడ్ శిలువ అల్లుకోవడం ఇలా

ఐర్లండ్‌లో ఫిబ్రవరి 1 వసంతానికి మొదటి రోజు, పాత పేరు ఇంబొల్క్, బ్రిజిడ్ పండగ కూడా అదే, కవిత్వానికీ వైద్యానికీ కమ్మరి పనికీ దేవత ఆవిడ, తర్వాత అదే పేరుతో అక్కడి కిల్డేర్ ఊళ్ళో ఒక క్రైస్తవ సెయింట్ కూడా ఉంది. 2023 నుంచి పబ్లిక్ హాలిడే కూడా ఇస్తున్నారు, నాకైతే చాలా సంతోషం.

ఆ పండక్కి గడ్డితో అల్లే శిలువే బ్రిజిడ్ శిలువ. ముందురోజు, అంటే జనవరి 31న, చెమ్మ నేలల్లో దొరికే తుంగలాంటి గడ్డి తెచ్చుకోండి. కత్తితో కొయ్యొద్దు, చేత్తో పీకాలి, అది ఆచారం. ఓ పదహారు కాడలు చాలు, పచ్చివైతే వంచినా విరగవు.

ఒక కాడ నిలువుగా పట్టుకోండి, రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుముకి తగిలించి కొసలు కుడివైపు రానివ్వండి, ఇప్పుడు మొత్తాన్ని పావు చుట్టు ఎడమకి తిప్పితే ఆ కొసలు పైకొస్తాయి, మూడోదాన్ని మడిచి వాటిమీద మళ్ళీ కుడికే వెయ్యండి. ఇలా తిప్పడం, మడవడం, బిగించడం. మధ్యలో పట్టు ఎప్పుడూ వదలకండి, వదిలితే అంతా ఊడిపోద్ది, మధ్యలో చతురస్రం గట్టిపడేదాకా ఓపిక పట్టాలి. నాలుగు కొసలూ దారంతో కట్టి సమానంగా కత్తిరించండి.

శిలువని గుమ్మం పైన లోపలివైపు పెడతారు, ఇంటికి నిప్పు ప్రమాదం రాకుండా. ఆ రాత్రే ఒక గుడ్డ ముక్క బయట ఆరేసి ఉంచండి, బ్రిజిడ్ వెళ్తూ దాన్ని దీవిస్తుందని నమ్మకం, తలనొప్పి వస్తే అదే తలకి కట్టుకుంటారు.