బండలాగుడుకు ముందు ఎడ్ల దాణా: పెద్దల మాట ఎంతవరకు, పుస్తకం ఎంతవరకు

సంక్రాంతి దాటితే గద్వాల, అలంపూర్, వనపర్తి దిక్కు జాతర్లలో బండలాగుడు పోటీలు ఊపందుకుంటాయి. అప్పటినుంచి ఉగాది దాకా కొట్టంలో ఒకటే పంచాయితీ. పెద్దలేమో ఉలవలు, నెయ్యి, గుడ్లు, బెల్లం అంటారు. పిల్లలు ఫోన్‌లో రేసు గుర్రాల మేత గురించి చదివి నూనె పోద్దాం, గ్లూకోజు తాపుదాం అంటారు. ఎద్దు పొట్ట సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగరు. గుర్రం తిన్న గింజ చాలావరకు చిన్నపేగులో అరిగి చక్కెరగా రక్తంలో కలుస్తుంది. ఎద్దుకు ముందు వంద లీటర్లకు పైగా పట్టే పెద్దపొట్ట ఉంది. ఏం పెట్టినా అందులోని సూక్ష్మజీవులు మొదట పులియబెట్టుకుంటాయి, మిగిలిందే ఎద్దుకు.

అందుకే పోటీకి గంట ముందు తాపే బెల్లం నీళ్లు, గ్లూకోజు అప్పటికప్పుడు బలమివ్వవు. ఎక్కువైతే పెద్దపొట్టలో పులుపు పెరగడమే మిగులుతుంది. నెయ్యి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. అయిదు క్వింటాళ్ల గిత్త రోజుకు తినే మేతలో తేమ తీసేస్తే సుమారు 12 కిలోలు. అందులో కొవ్వు 5 - 6 శాతం దాటితే చొప్పను అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. అంటే మొత్తం 600 - 700 గ్రాములు. చొప్ప, తవుడు, పల్లిచెక్కల్లోనే సగం దాకా ఉంటుంది. నెయ్యి, నూనె, గుడ్డు సొన అన్నీ కలిపి పైనుంచి 200 గ్రాములు మించనియ్యొద్దు. గుర్రానికి నెమ్మదిగా అలవాటు చేస్తే ఇంతకంటే ఎక్కువ నూనె ఇముడుతుంది, అందుకే గుర్రాల మేత పుస్తకాల్లో పెద్ద అంకెలు కనబడతాయి.

ఉలవల విషయంలో మాత్రం పెద్దల మాటే మాట. రాత్రి నానబెట్టి, పొద్దున వేలితో నొక్కితే చితికేదాకా ఉడికించి, చల్లార్చి పెట్టాలి. పచ్చివి పెడితే పేడలో గింజలు గింజలుగానే పడతాయి. రోజుకు కిలో (నానకముందు తూకం) చాలు. రెండు మూడు కిలోలు పెడితే మిగులు మాంసకృత్తులు యూరియాగా మారి మూత్రంలో పోతాయి, ఒంట్లో వేడి కూడా పెరుగుతుంది.

మిగతా దాణా: జొన్నలో మక్కలో కచ్చాపచ్చాగా దంచినవి కిలోంబావు, తవుడు కిలో, పల్లిచెక్క ముప్పావు కిలో, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 40 గ్రాములు. పిండి మరీ మెత్తగా పట్టించొద్దు, అది తొందరగా పులుస్తుంది. మొత్తం నాలుగు కిలోలు, మూడు పూటలకు పంచి, ప్రతిపూటా చొప్ప తిన్న తర్వాతే.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, పెంచే తీరు. రెండు కిలోల దాణా తినే ఎద్దును నాలుగుకు తేవాలంటే పోటీకి మూడు వారాల ముందే మొదలుపెట్టి నాలుగు రోజులకోసారి అరకిలో చొప్పున పెంచాలి. చివరి అయిదు రోజులు ఏదీ మార్చొద్దు. వారంలో బలం రావాలని తొట్టి నింపితే గింజల పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లమై పెద్దపొట్ట పీహెచ్ (ఎంత తగ్గితే అంత పులుపు) 5.5 కంటే కిందికి పడిపోతుంది. పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపు నెమరు ఆగుతుంది, పేడ పుల్లటి వాసనతో జారుతుంది, నడక తూలుతుంది. బతికి బయటపడ్డా గిట్టల నొప్పితో ఆ సీజన్ పోయినట్టే.

రోజూ ఎడమ డొక్కలో పిడికిలి అదిమి రెండు నిమిషాలు ఉంచండి. రెండు మూడుసార్లు లోపలినుంచి పిడికిలిని నెట్టాలి. ఒక్కసారి కూడా నెట్టకపోతే, నీళ్లు తొణికినట్టు అనిపిస్తే గింజలు ఆపి ఎండు చొప్ప ఒక్కటే వేసి పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాలి. పడిపోయిన ఎద్దు నోట్లో నూనె, సోడానీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పల్లిచెక్కను విరిచి వాసన చూడండి. బూజు కంపు కొట్టినా, లోపల పచ్చటి మచ్చలున్నా పారేయండి. ఎండబెడితే, ఉడకబెడితే బూజు చస్తుందేమో కానీ అది వదిలిన విషం, అఫ్లాటాక్సిన్, పోదు. నీళ్లు చాలక గిడసబారిన పచ్చి జొన్న, కోసిన మోడు నుంచి వచ్చే పిలక వేయొద్దు, సైనైడు విషం ఉంటుంది. ఎండిన చొప్పతో ఆ భయం తక్కువ.

నల్లగొండ దిక్కు మర్రిగూడ, మునుగోడు వైపు ఎడ్లకు ముందు నోరు తెరిచి చూడాలి. పళ్లు గోధుమరంగు చారలతో అరిగి ఉంటే ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినట్టు. నమలలేని ఎద్దుకు దాణా పెంచి లాభం లేదు, కీళ్లు పట్టేసి ఉంటే బండకే కట్టొద్దు. బోరు నీళ్లకు బదులు భగీరథ నీళ్లో, చెరువు నీళ్లో తాపండి. ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు ఫ్లోరిన్ తీసిన ఫాస్ఫేటుతో చేసిందో కాదో సంచి మీద చదవాలి.

గాలికుంటు, గొంతువాపు టీకాలు మూడు వారాల ముందే అయిపోవాలి. పోటీ రోజు చివరి దాణా ముందురాత్రే. పొద్దున పోటీకి నాలుగైదు గంటల ముందు కొంచెం చొప్ప, తర్వాత నీళ్లే. పొట్ట నిండుగా ఉంటే ఊపిరితిత్తులను నొక్కుతుంది. అట్లాగని రోజంతా పస్తుంచితే సాయంత్రం ఆకలి మీద తొట్టి మీద పడి పైన చెప్పిన జబ్బే తెచ్చుకుంటుంది.

లాగి వగరుస్తున్న ఎద్దుకు నీళ్లు పోస్తే నరాలు పట్టేస్తాయంటారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు గుర్రాల మీద చేసిన పరీక్షల్లో చల్లటి నీళ్లతో తడిపినా కండరాలు పట్టేయలేదు, ఒంటి వేడి తొందరగా దిగింది. ఇక్కడ పొట్ట తేడా అడ్డం రాదు, వేడి ఎవరి ఒంట్లోనైనా వేడే. నీడకు తెచ్చి మెడ, డొక్కలు, తొడల మీద నీళ్లు పోస్తూనే ఉండండి. తాగడానికి ఒకటే పోత కాకుండా అయిదేసి లీటర్లు, కొంచెం ఆగి మళ్లీ. నిమిషానికి ఊపిరి ఎనభై దాటి, నోరు తెరిచి, నాలుక బయటపెట్టి అరగంటకూ దిగకపోతే డాక్టరును పిలవాలి. దాణా ఆ రోజు సగమే, అదీ నెమరు మొదలైన తర్వాతే.