పండగ భోజనానికి ఉగ్గాని తీసుకెళ్తున్నారా?

సంక్రాంతికి వీధివాళ్లంతా తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినేటప్పుడు, మన అనంతపురంలో తక్కువ ఖర్చుతో అయ్యేది బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గానే. బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

- బొరుగులు నీళ్లలో ముంచిన వెంటనే పిండి తీయాలి. ఎక్కువ నానితే ముద్దవుతాయి. అరచేతుల మధ్య నొక్కితే నీళ్లు కారకూడదు, గింజ విరగకూడదు.
- ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తిరగమోత ఇంట్లో పెట్టుకుని, బొరుగులు అక్కడికెళ్లాక కలపండి. పుట్నాల పొడి చివర్లోనే చల్లాలి.
- శెనక్కాయలు వేశారా? అందరికీ ముందే చెప్పండి. కొందరికి అవి అస్సలు పడవు, ప్రాణం మీదికొస్తుంది.
- చిత్రాన్నం అయితే మధ్యాహ్నం వండింది రాత్రికి పెట్టొద్దు. నిమ్మరసం పిండినా సరే, అన్నం బయట ఉంటే పాడవుతుంది.
- బజ్జీలు మూత బిగించి తీసుకెళ్లొద్దు, మెత్తబడతాయి.
- గరిటె, గిన్నె మీద మీ పేరు రాసుకోండి.