కార్తీక మాసంలో చెరువు గట్టున పక్షులను చూడటం ఎలా

దీపావళి వెళ్లి, పొద్దున పూట చలి తెలిసే నాటికి మన చెరువులకు వలస పక్షుల రాక ఊపందుకుంటుంది. కొత్తగా ఈ వ్యాపకంలోకి దిగినవారు చాలామంది నేరుగా పేరున్న పక్షుల కేంద్రానికి బయలుదేరుతారు. నా సలహా అది కాదు. మొదటి మూడు నాలుగు ఆదివారాలు మీ ఊరి చెరువు దగ్గరే గడపండి, ఎందుకంటే ఏడాది పొడవునా అక్కడే ఉండే పక్షులు కంటికి అలవాటైతే తప్ప కొత్తగా వచ్చినది కొత్తదని తెలియదు. నోరు మూసినా ముక్కు మధ్యలో సందు కనిపించే నత్తగుల్ల కొంగ, రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకునే నీటికాకి, మనిషి అలికిడికే అరిచి గోల చేసే తీతువు, నల్లటి ఒంటిమీద తెల్లని నుదురున్న నామాల కోడి, మట్టిరంగులో కలిసిపోయి కూర్చుని లేవగానే తెల్లని రెక్కలతో ఆశ్చర్యపరిచే గుడ్డికొంగ: వీటిని దూరం నుంచే గుర్తుపట్టగలిగిన రోజున సగం పని అయినట్టే.

నవంబరులో సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో అవుతుంది కాబట్టి ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి. ఎండ మీ వీపు మీద పడేలా, అంటే ఉదయం చెరువుకు తూర్పు వైపున నిలబడాలి. ఎదురెండలో ఏ బాతైనా నల్లని నీడలాగే కనిపిస్తుంది. తూర్పు వైపు దారి లేని చెరువైతే సాయంత్రం పడమటి గట్టుకు వెళ్లడం మేలు. తెల్లచొక్కా, మెరిసే రంగులు వద్దు. మీరు రాగానే కొన్ని పక్షులు లేచిపోతాయి. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే వాటిలో చాలావరకు తిరిగి వస్తాయి.

బైనాక్యులర్ కొనేటప్పుడు ఎక్కువ పెద్దదిగా చూపించేదే మంచిదని అనుకోవద్దు. 8×42 అని రాసి ఉన్నది చాలు. ఇందులో 8 అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని అర్థం. పది రెట్ల దానిలో చేతి వణుకు కూడా అంతే పెద్దదై, ఎగిరే పక్షిని వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది.

అసలు చిక్కు బాతులతో వస్తుంది. పుస్తకంలో రంగురంగులుగా ఉన్న మగబాతులు నవంబరు మొదట్లో చాలావరకు ఆడవాటిలాగే గోధుమరంగులో ఉంటాయి, ఎందుకంటే పాత ఈకలు రాలి కొత్తవి రావడం అప్పటికి పూర్తి కాదు. అందుకే రంగును పక్కన పెట్టి ముందు ఆకారం, ముక్కు, మేత మేసే తీరు చూడాలి. పొడవైన సన్నని మెడ ఉండి, తోక పైకెత్తి తలకిందులుగా మేసేది సూదితోక బాతు కావచ్చు. పారలాంటి వెడల్పు ముక్కును నీటిమీద ఆనించి ఈదుకుంటూ పోయేది మరొకటి. ఒక్క జక్కవ విషయంలో మాత్రం రంగే చాలు: నారింజ గోధుమరంగు ఒళ్లు, లేత రంగు తల, ఎగిరితే రెక్కల్లో తెల్లని పట్టీలు. రాత్రయితే జక్కవల జంట విడిపోయి దుఃఖిస్తుందన్నది కవుల కల్పనే అయినా, చీకటిలో నీటిమీదుగా సాగి వచ్చే వాటి అరుపు విన్నవారికి ఆ కల్పన ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. బాతులన్నీ ఒక్కసారిగా లేచాయంటే బైనాక్యులర్‌ను నీటి మీద నుంచి ఆకాశానికి తిప్పండి. గద్ద వచ్చి ఉంటుంది.

చూసినది అక్కడికక్కడే రాసుకోవాలి. పెద్ద గుంపును పది పక్షుల ముక్కలుగా విడదీసి లెక్కపెట్టండి. తేదీ, సమయం, సంఖ్య కలిపి, ఎవరైనా తాము చూసిన పక్షుల వివరాలు చేర్చగల ఈబర్డ్ (eBird) వెబ్‌సైటులో నమోదు చేస్తే మీ చెరువు రికార్డు పరిశోధకులకూ పనికివస్తుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజైన నవంబరు 12 ఇందుకు మంచి ఆరంభం.

తరువాత దూరప్రయాణం. కొల్లేటి అంచున కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోవడం దగ్గరగా కనిపిస్తుంది. గూళ్ల దగ్గరికి పడవను ఇంకా జరపమని నడిపేవారిని ఒత్తిడి చేయకూడదు. తల్లి లేచిన కొద్ది నిమిషాల్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోగలవు. దక్షిణ కోస్తాలోని నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు సంగతి వేరు. తెలంగాణలో ఆకాశం తేటపడిన ఈ నెలలోనే అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కనుక, వాతావరణ సూచన చూసి వాన తెరిపి ఇచ్చిన రోజులకే ప్రయాణం పెట్టుకోవాలి. పులికాట్‌కు వచ్చే రాజహంసలు (ఫ్లెమింగోలు) నిలబడి మేసేది లోతు తక్కువ నీటిలో. సరస్సు నిండుగా ఉంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఎంతసేపు ఆగినా దూరాన గులాబీ గీతలాగే కనిపించవచ్చు. ఆ ఒక్క పక్షి కోసమే వెళ్లేవారు నీరు తగ్గే దాకా, జనవరి వరకు ఆగవచ్చు.