కిరాణా కొట్టుకి ఎంత సరుకు, ఎప్పుడు తెప్పించాలి? నోటుబుక్కులో లెక్క వేసుకోవడం ఎలా

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా మావయ్యకి కిరాణా కొట్టు ఉంది. ఒక వేసవిలో ధర పెరుగుతుందన్న మాట విని ఆయన ఒకేసారి 200 బస్తాల ఉప్పుడు బియ్యం దించారు. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. గొడౌన్ గోడ చెమ్మెక్కింది, కింది వరస బస్తాలకు ముక్కపురుగు పట్టింది. అంతకంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. పంచదార అయిపోయింది, ఆవనూనె అయిపోయింది. తెప్పిద్దామంటే డబ్బంతా బియ్యంలోనే ఇరుక్కుంది. ఏళ్ల తరబడి ఖాతా ఉన్నవాళ్లు కూడా సంచీ పట్టుకుని పక్క వీధికి వెళ్లారు.

అప్పుడు నేను డిగ్రీలో ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే పనుల్లో నిర్ణయాలు లెక్క వేసి తీసుకునే శాస్త్రం, చదువుతున్నాను. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రాలను ఆయన కొట్టు లెక్కలతో మళ్లీ వేసి చూశాను. అవి పెద్ద కంపెనీలకే కాదు, మన కొట్టుకీ సరిపోతాయి. ఒక నోటుబుక్కు, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. వర్గమూలం గుర్తు కనబడకపోతే ఫోన్ అడ్డంగా తిప్పి చూడండి, చాలా ఫోన్లలో వస్తుంది.

ముందు రాసుకోవాల్సినవి

అన్ని సరుకులూ ఒకేసారి మొదలుపెట్టకండి, వారంలోనే విసుగొస్తుంది. మీ డబ్బు ఎక్కువగా ఇరుక్కునే ఐదారు సరుకులు తీసుకోండి. మా వైపు అయితే బియ్యం, కందిపప్పు, పంచదార, బెల్లం, నూనె. నూనె అంటే ఒకటి కాదు, రెండు. ఒడియా ఇళ్లకు ఆవనూనె, తెలుగు ఇళ్లకు ఎక్కువగా వేరుశనగ నూనె. వీటిని ఒకే పద్దులో రాస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఒక్కో సరుకుకి నాలుగు సంగతులు కావాలి. రోజుకి ఎంత అమ్ముడవుతోంది, ఒకసారి తెప్పిస్తే ఎంత ఖర్చు, ఒక బస్తా ఏడాది పాటు గొడౌన్లో ఉంటే ఎంత ఖర్చు, చెప్పిన ఎన్నో రోజుకి సరుకు వస్తుంది. మూడోది ఎవరూ రాయరు. బండి బాడుగ, కళాసీల కూలి చేత్తో ఇస్తాం కాబట్టి గుర్తుంటాయి. నిలవున్న సరుకు మీద వడ్డీ కంటికి కనబడదు. 200 బస్తాలు దించడానికి అసలు కారణం అదే.

ఒకసారికి ఎన్ని బస్తాలు

ఈ సంఖ్యలు లెక్క చూపించడానికి తీసుకున్నవి. మీవి వేసుకుని మళ్లీ చేయండి.

రోజుకి 3 బస్తాల చొప్పున 360 రోజులకు 1,080 బస్తాలు. పాతపట్నం నుంచి ఒకసారి తెప్పిస్తే బండికీ కూలికీ కలిపి 500 రూపాయలు. బస్తా ధర 1,000. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి బస్తా మీద 180. గొడౌన్ అద్దె, చెమ్మ, ఎలుకలు, పురుగు కలిపి ఇంకో 120 వేసుకోండి. మొత్తం 300.

ఇప్పుడు ఏడాది అమ్మకాన్ని ఒకసారి తెప్పించే ఖర్చుతో గుణించి, దాన్ని రెట్టింపు చేయండి. 1,080 × 500 × 2 అంటే 10,80,000. దాన్ని నిలవ ఖర్చు 300తో భాగిస్తే 3,600. దాని వర్గమూలం 60. అంటే ఒకసారికి 60 బస్తాలు, 20 రోజులకోసారి బండి. ఈ సూత్రాన్ని 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజినీరు ఒక ఫ్యాక్టరీ పత్రికలో రాశాడు. పుస్తకాల్లో దీన్నే ఈవోక్యూ (ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ) అంటారు.

దీని మీద నమ్మకం కుదరాలంటే ఏడాది ఖర్చు కూడా వేసి చూడాలి. 60 చొప్పున అయితే ఏడాదికి 18 బండ్లు, 9,000 రూపాయలు. గొడౌన్లో సగటున ఉండేది 60లో సగం, 30 బస్తాలు. వాటికి నిలవ ఖర్చు ఇంకో 9,000. మొత్తం 18,000. రెండు ఖర్చులూ సమానం కావడం కాకతాళీయం కాదు, ఎక్కడ అవి సమానమవుతాయో అక్కడే మొత్తం ఖర్చు అన్నిటికంటే తక్కువ.

ఆ వేసవిలో మావయ్య దించినట్టు ప్రతిసారీ 200 అయితే? బండి ఖర్చు 2,700కి దిగుతుంది. నిలవ ఖర్చు మాత్రం 30,000. మొత్తం 32,700. ఆ అంకె చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కు తన వైపు తిప్పుకుని మొదటి నుంచీ మళ్లీ కూడారు.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. చిన్న తప్పుని ఇది క్షమిస్తుంది. మీ బండిలో 50 బస్తాలకు మించి పట్టవనుకోండి. 50 చొప్పున తెప్పిస్తే ఏడాది మొత్తం 18,300, తేడా 300 మాత్రమే. 90 చొప్పున తెప్పించినా 19,500. అందుకని వడ్డీ సరిగ్గా ఎంతో, ఎలుకలు ఎంత తిన్నాయో అని టెన్షన్ పడకండి. ఉజ్జాయింపుగా వేసినా సమాధానం దగ్గర్లోనే ఉంటుంది.

ఎప్పుడు ఫోన్ చేయాలి

గొడౌన్ ఖాళీ అయ్యాక కాదు. ఫోన్ చేసిన నాలుగో రోజుకి బండి వస్తుందంటే, ఆ నాలుగు రోజులకీ 12 బస్తాలు కావాలి. కానీ 12 ఉన్నప్పుడు ఫోన్ చేస్తే, దాదాపు రెండుసార్లలో ఒకసారి బండి రాకముందే బియ్యం అయిపోతుంది. అమ్మకం సగటుకి అటూఇటూ ఊగుతుంది, దాదాపు సగం సార్లు దానికి పైనే ఉంటుంది.

కాబట్టి అమ్మకం ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చూడాలి. ఒక వారం అమ్మకం 3, 1, 5, 2, 5, 2, 3 బస్తాలనుకోండి. మొత్తం 21, సగటు 3. ఒక్కో రోజుకీ సగటుకీ ఉన్న తేడాను దానితోనే గుణించండి: 0, 4, 4, 1, 4, 1, 0. కూడితే 14. రోజుల సంఖ్యలో ఒకటి తగ్గించి, 6తో భాగిస్తే 2.33. వర్గమూలం సుమారు 1.5. ఇది ఒక రోజు ఊగిసలాట. నాలుగు రోజులకు నాలుగు రెట్లు చేయకూడదు, 4 వర్గమూలం 2 కాబట్టి రెండు రెట్లే, 3. ఒకరోజు ఎక్కువ అమ్మితే ఇంకోరోజు తక్కువ అమ్ముతాం, కొంత దానికదే సర్దుకుంటుంది. నూటికి 95 సార్లు సరుకు అయిపోకూడదనుకుంటే ఆ 3ని 1.65తో (గణాంకాల పట్టికల్లో 95కి ఇచ్చే సంఖ్య) గుణించాలి, సుమారు 5 బస్తాలు. 12కి 5 కలిపితే 17.

గొడౌన్లో 17 బస్తాలు ఎక్కడిదాకా వస్తాయో పేర్చి చూసి, గోడ మీద సుద్దతో గీత గీయండి. గీత కనబడిన రోజే ఫోన్. కొట్టులో పనిచేసే కుర్రాడికి ఏ లెక్కా రాకపోయినా ఇది పనిచేస్తుంది.

ఒక జాగ్రత్త. నాలుగో రోజుకి బండి తప్పకుండా వస్తుందని ఈ లెక్క నమ్ముతుంది. మన ప్రాంతంలో అక్టోబరులో అలా నమ్మలేం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాను వరదలతో, కొండచరియలతో ముంచేసింది. అలాంటప్పుడు రోడ్డు ఎప్పుడు తెరుస్తారో ఏ సూత్రమూ చెప్పదు. అందుకే దసరా ముందు నుంచి కార్తీకం దాకా గీతను ఒక వారం అమ్మకమంత పైకి జరపండి. బియ్యం, పప్పు, కొవ్వొత్తులకు ఇది తప్పనిసరి. తుఫాను మర్నాడు బియ్యం ఉన్న కొట్టు ఆ వీధికి ఎంత అవసరమో చూసినవాళ్లకి తెలుసు.

మర్నాటికి పనికిరాని సరుకు

పూలు, ఆకుకూరలు, పెరుగు. వీటికి పై లెక్క పనికిరాదు, వేరే ప్రశ్న వేసుకోవాలి. ఒకటి తక్కువైతే ఎంత పోతుంది, ఒకటి మిగిలితే ఎంత పోతుంది?

మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారాలు, తీసుకోండి. బంతిపూల దండ మూర 8 రూపాయలకు కొని 20కి అమ్ముతారనుకుందాం. తక్కువైతే పోయేది 12, మిగిలితే పోయేది 8. 12ని రెండూ కలిపిన 20తో భాగిస్తే 0.6. గతంలో అలాంటి ఐదు లక్ష్మివారాల గిరాకీని చిన్నదాని నుంచి పెద్దదానికి రాయండి: 34, 38, 42, 45, 52 మూరలు. ఐదింటిలో 0.6 వంతు అంటే మూడోది, 42. అంతే తెప్పించండి. లాభం తక్కువ, మిగిలితే నష్టం ఎక్కువ అయిన సరుకుకి ఈ భిన్నం 0.2కో 0.3కో దిగుతుంది. అప్పుడు మధ్యాహ్నానికే అయిపోయినా బాధపడక్కర్లేదు.

"అలాంటి" అన్న మాట మా ఊళ్లో చాలా ముఖ్యం. ఒడియా ఇళ్లలో మాణబసా గురువారం, తెలుగు ఇళ్లలో మార్గశిర లక్ష్మివారం. రెండూ లక్ష్మీపూజలే, నెల పేరూ ఒకటే. కానీ ఒడియా పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మన పంచాంగంలో అమావాస్యతో. కాబట్టి ఒడియా వాళ్ల మార్గశిరం కార్తీక పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది, మనది ఇంకో పదిహేను రోజులకు. మొదటి పక్షంలో గురువారాల పూలు ఒడియా ఇళ్లకు మాత్రమే. శుక్లపక్షంలో ఇద్దరికీ. చివరి పక్షంలో తెలుగు ఇళ్లకు. వీటన్నిటికీ కలిపి సగటు తీస్తే మొదట్లో, చివర్లో పూలు వాడిపోతాయి, మధ్యలో చాలవు. మూడింటికీ మూడు పేజీలు పెట్టండి. బియ్యప్పిండి, కొబ్బరికాయలకూ ఇదే పద్ధతి. బెల్లానికి సంక్రాంతి ఒక పేజీ, జూన్ మధ్యలో వచ్చే ఒడియా వాళ్ల రజ పండగ ఇంకో పేజీ.

సాయంత్రం కౌంటర్ దగ్గర వరస

ఆరు నుంచి ఎనిమిది దాకా జనం నిలబడతారు. సగటున ఎంతసేపు ఆగుతున్నారో తెలుసుకోవడానికి గడియారం పట్టుకుని వెంటపడక్కర్లేదు. పది నిమిషాలకోసారి కొట్టులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి సగటు తీయండి. గంటకి వచ్చేవాళ్ల సంఖ్యతో భాగించండి. సగటున నలుగురు ఉండి, గంటకి 24 మంది వస్తుంటే 4/24 గంట, అంటే 10 నిమిషాలు. 1961లో జాన్ లిటిల్ దీన్ని రుజువు చేశాడు. ఆసుపత్రి ఓపీకైనా, బ్యాంకుకైనా ఇదే వర్తిస్తుంది.

ఇక తగ్గించడం. ఒక్కొక్కరికి సగటున 2 నిమిషాలు పడితే గంటకి 30 మందిని పంపగలరు. వచ్చేది 24. "ఇంకా ఆరుగురికి ఖాళీ ఉందిగా, వరస ఎందుకు?" అని మావయ్య అడిగారు. జనం వరసగా రెండున్నర నిమిషాలకొకరు రారు, ఒక్కసారి ఐదుగురు వస్తారు, తర్వాత ఎవరూ ఉండరు. ఖాళీగా గడిచిన నిమిషాలను దాచుకుని తర్వాత వాడుకోలేం. జనం రాకా, ఒక్కొక్కరికి పట్టే సమయమూ ఇలా ఎగుడుదిగుడుగా ఉంటే, ఒకరు కొట్టులో సగటున ఎంతసేపు ఉంటారో చెప్పే ఉజ్జాయింపు లెక్క ఇది: 30లోంచి 24 తీస్తే 6, ఒక గంటను 6తో భాగిస్తే 10 నిమిషాలు. వచ్చేవాళ్లు 27 అయితే మిగిలేది 3, ఆగేది 20 నిమిషాలు. ముగ్గురు పెరిగితే సమయం రెట్టింపు అవుతుంది.

ఇదే మనకు ఉపయోగపడేలా తిప్పండి. 120 సెకన్ల పనిని 100 సెకన్లకు తగ్గిస్తే గంటకి 36 మంది. 36లోంచి 24 తీస్తే 12, ఆగేది 5 నిమిషాలు. ఒక్కొక్కరి దగ్గర 20 సెకన్లు తగ్గితే వాళ్లు కొట్టులో ఉండే సమయం సగానికి పడిపోయింది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పంచదార, పప్పు అరకిలో, కిలో పొట్లాలు కట్టి ఉంచితే ఆ 20 సెకన్లు వచ్చేస్తాయి. మా దగ్గర అత్తయ్య మూడు గంటలకు కూర్చుని ఈ పని మొదలుపెట్టారు. రెండో మనిషిని పెట్టాల్సి వస్తే, ఇద్దరి ముందూ వేర్వేరు వరసలు వద్దు. ఒకే వరస ఉంచి, ఎవరు ఖాళీ అయితే వాళ్లు ముందున్నవాళ్లని పిలవాలి. అప్పుడు ఒక పెళ్లి సరుకుల జాబితా వెనక పాల ప్యాకెట్ కోసం వచ్చిన పిల్లవాడు ఇరుక్కోడు.

బస్తా ధర గానీ, వడ్డీ గానీ, బండి బాడుగ గానీ బాగా మారినప్పుడు 60ని మళ్లీ వేయండి. గోడ మీద గీతను మాత్రం మూడు నెలలకోసారి, కొత్త అమ్మకాల చిట్టాతో.