షేర్లు విడతలవారీగా అమ్ముతున్నారా? యాప్ చూపించే సగటు ధరతో పన్ను లెక్క వేయకండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా బావ, తన కూతురి పెళ్లికని 2025 నవంబరులో కొన్ని షేర్లు అమ్మి, యాప్‌లో సగటు ధర 580 అని చూసుకుని, "లక్షా అయిదు వేలే లాభం, పన్నేం పడదురా" అన్నాడు. పడింది.

ఆయన కొన్నది మూడు సార్లు. 2021 జూన్‌లో 200 షేర్లు 400 చొప్పున, 2023 ఆగస్టులో 200 షేర్లు 600 చొప్పున, 2025 జనవరిలో 100 షేర్లు 900 చొప్పున. అమ్మింది 250, ఒక్కోటి 1000కి.

డీమాట్ (కాగితం లేకుండా ఖాతాలో ఉండే) షేర్లకి పన్ను లెక్కలో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు. ఏ విడతవి అమ్మానో నేనే చెప్తానంటే కుదరదు (రెండు డీమాట్ ఖాతాలుంటే మాత్రం దేని వరస దానిదే). అంటే మొదటి 200 మీద షేరుకి 600 చొప్పున 1,20,000, రెండో విడతలోంచి 50 మీద 400 చొప్పున 20,000, వెరసి 1,40,000 లాభం. ఏడాది దాటాక అమ్మినవి కాబట్టి దీర్ఘకాలిక లాభం, అందులో ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, మిగిలిన 15,000 మీద 12.5 శాతం అంటే 1,875, దాని మీద 4 శాతం సెస్సు 75, మొత్తం 1,950 రూపాయలు.

డబ్బు చిన్నదే, కానీ 212 షేర్లతో ఆపి ఉంటే లాభం 1,24,800, పన్ను సున్నా. ఆ 38 షేర్లు ఏప్రిల్ దాకా ఆగలేకపోయాయా అని నేనంటే, వంటవాళ్లు ఆగరు కదా అన్నాడు. అదీ నిజమే.

మిగతా 250 కూడా డిసెంబరులోనే అదే ధరకి అమ్మేసి ఉంటే? 150 మీద 60,000 దీర్ఘకాలికం, మినహాయింపు అప్పటికే అయిపోయింది కాబట్టి దానికి 7,500. చివరి 100 కొని ఇంకా ఏడాది కాలేదు కాబట్టి వాటి 10,000 లాభం స్వల్పకాలికం, 20 శాతం చొప్పున 2,000. సెస్సుతో కలిపి 9,880 అదనం. ఏప్రిల్ 1 దాటాక అమ్మితే 1.25 లక్షల మినహాయింపు మళ్లీ కొత్తగా వస్తుంది, ఆ 100 షేర్లకీ ఏడాది నిండిపోతుంది, మొత్తం 70,000 మీద పైసా కట్టక్కర్లేదు. ఈలోపు ధర పడిపోతే మాత్రం పన్ను మిగిలిందని సంతోషించి లాభం లేదు, కాబట్టి పన్ను కోసమే ఆగమని నేను చెప్పను.

ఈ రేట్లు 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలవి. అటు పాతపట్నం వెళ్లి ఆంధ్రాలో లెక్క రాయించుకున్నా, ఇటు ఒడిశాలో రాయించుకున్నా ఒకటే, ఇది కేంద్రం పన్ను.

కాగితం మీద ప్రతి కొనుగోలుకీ ఒక వరస రాసుకోండి: తేదీ, సంఖ్య, ధర, బ్రోకరేజీ. బ్రోకరేజీ లాభంలోంచి తీసేయొచ్చు, సెక్యూరిటీస్ లావాదేవీ పన్ను తీసేయకూడదు. కంపెనీ ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లకి కొన్న ధర సున్నా, వాటికి ఏడాది లెక్క అవి కేటాయించిన రోజు నుంచే, చాలామంది తప్పేది ఇక్కడే. 2018 జనవరి 31 దాకా కొన్నవైతే ఆ రోజు గరిష్ఠ ధర కూడా చూడాలి. అది మీ అమ్మకం ధర కన్నా ఎక్కువైతే అమ్మకం ధరనే తీసుకోండి, వచ్చినదాన్నీ మీరు కొన్న ధరనీ పోల్చి ఏది ఎక్కువో అదే ఖరీదు.

నష్టం వచ్చిన షేర్లుంటే అవీ రాయండి. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల లాభాల్లోంచీ తగ్గించుకోవచ్చు, దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలోంచే. మిగిలిపోయింది 8 ఏళ్ల దాకా మోసుకెళ్లొచ్చు, రిటర్ను గడువులోగా వేస్తేనే.