ఫ్రీ బఫే ఎంతకు పడుతుందో చూసుకోండి

మన తిరుపతి నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు చాలామంది లాస్ వేగాస్ కూడా చూసొస్తారు. అక్కడి కాసినోల్లో వీడియో పోకర్ (మెషిన్ మీద డబ్బు కాసి ఆడే పేకాట) ఆడేవాళ్లకు ఫ్రీ భోజనం, ఒక్కోసారి రూమ్ కూడా ఇస్తారు. మురిసిపోయే ముందు ఏ ముక్కలు పడితే ఎంత ఇస్తారో చెప్పే మెషిన్ మీది పట్టిక చూడండి. జాక్స్ ఆర్ బెటర్ అనే ఆట‌లో ఒక కాయిన్‌కి ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు ముక్కలు) 9 కాయిన్లు, ఫ్లష్ (ఐదు ముక్కలూ ఒకే గుర్తువి) 6 ఉంటే, ఐదు కాయిన్లతో తప్పు లేకుండా ఆడినా వంద డాలర్లకు సగటున 46 సెంట్లు పోతాయి. అదే 8, 5 అయితే 2.70 డాలర్లు. ఆటకు 1.25 డాలర్లు, గంటకు 600 ఆటలు అనుకుంటే గంటలో మొత్తం 750 డాలర్లు కాసినట్టు. మొదటిదాంట్లో నష్టం మూడున్నర, రెండోదాంట్లో 20 డాలర్లు. తప్పులు చేస్తే ఇంకా ఎక్కువే. రెండో మెషిన్ ముందు నాలుగు గంటలు కూర్చుని 30 డాలర్ల బఫే తెచ్చుకుంటే, దానికి 80 కట్టినట్టే. ఆకలేస్తే డబ్బిచ్చి హాయిగా తినేయండి.