సిగ్నల్‌ను తినేది బోర్డా, దాని మీది రాగియా? రెండు లైన్లతో తేల్చుకోండి

తిరుపతిలో మా ల్యాబ్‌కి వచ్చే ప్రాజెక్టు పిల్లలది ఏటా ఒకటే ప్రశ్న: "సార్, 10 గిగాహెర్ట్జ్ దగ్గర సగం సిగ్నల్ కూడా రావట్లేదు. రోజర్స్ కంపెనీ ఖరీదైన బోర్డు కొనాల్సిందేనా?" కొనే ముందు లాస్, అంటే దారిలో సిగ్నల్ తరిగిపోవడం, దేనివల్ల వస్తోందో చూడండి.

మీ బోర్డు మీదే ఖాళీ ఉన్నచోట ఒకే వెడల్పున్న 50 ఓంల తిన్నని లైన్లు (సిగ్నల్ నడిచే రాగి దారులు) రెండు వేయించండి. ఒకటి 3 సెంటీమీటర్లు, ఇంకోటి 8. రెండింటికీ ఒకే రకం ఎస్‌ఎంఏ కనెక్టర్లు (కేబుల్ బిగించే మరతలవి), ఒకే తీరు సోల్డరింగ్. ఈ పని మాత్రం నిదానంగా చేయండి. కనెక్టర్ కాళ్లకీ గ్రౌండుకీ మధ్య సన్నని సందు మిగిలినా గ్రాఫు అలలు తిరుగుతుంది. ఎస్11 (లైన్‌లోకి పోకుండా వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) మైనస్ 15 డీబీ (డెసిబెల్) కంటే కిందికి దిగకపోతే ముందు దాన్ని సరిచేయండి, లేకుంటే తర్వాతి లెక్కంతా వృథా. ఇవన్నీ కొలిచే పరికరం వీఎన్‌ఏని (వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్) కేబుల్ కొసల దగ్గర కాలిబ్రేట్ చేశాక కేబుళ్లను మళ్లీ వంచకండి.

పొడుగు లైన్ లాస్‌లోంచి పొట్టిదాని లాస్ తీసేసి 5తో భాగించండి. కనెక్టర్ల వాటా రెండింట్లోనూ ఒకటే కాబట్టి అది కొట్టుకుపోయి, సెంటీమీటరుకి లైన్ లాస్ మిగులుతుంది. దీన్ని 5 గిగా దగ్గరా, 10 గిగా దగ్గరా తీయండి. 10 గిగా లాస్ 5 గిగా లాస్‌కి రెట్టింపుకి దగ్గరగా ఉంటే తినేది డైఎలక్ట్రిక్ (రాగి కింద ఉండే బోర్డు పదార్థం), 1.4 రెట్లకి దగ్గరగా ఉంటే రాగి. మొదటిది ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, రెండోది దాని వర్గమూలంతో. అసలు సర్క్యూట్‌లో లాస్ ఈ లెక్కను బాగా మించితే వంపుల దగ్గర రేడియేషన్‌ను అనుమానించండి. 1.6 మిల్లీమీటర్ల మందం బోర్డుతో ఆ బెడద ఎక్కువ, 0.8 నయం.

మామూలు బోర్డు పదార్థం ఎఫ్‌ఆర్4. దాని లాస్ టాంజెంట్ (పదార్థం సిగ్నల్‌ను ఎంత తింటుందో చెప్పే అంకె) 0.02 ప్రాంతంలో ఉంటుంది. 10 గిగా దగ్గర సెంటీమీటరుకి డైఎలక్ట్రిక్కే దాదాపు 0.3 డీబీ తినేస్తుంది. 10 సెంటీమీటర్ల లైన్ అంటే సగం పవర్ పోయినట్టే. రోజర్స్ వాళ్ల ఆర్‌ఓ4350బీకి టాంజెంట్ 0.0037, లాస్ సెంటీమీటరుకి 0.05 డీబీ దగ్గర. అంతమాత్రాన 2.4 గిగాలో రెండు మూడు సెంటీమీటర్ల లైన్‌కి ఖరీదైన బోర్డు అక్కర్లేదు. ఇంట్లోవాళ్ల డబ్బు మిగల్చండి.

లాస్ రాగిదే అని తేలితే దాని ఉపరితలం చూడాలి. వాతావరణాన్ని పరిశీలించే మన గాదంకి ఎంఎస్‌టీ రాడార్ నడిచేది 53 మెగాహెర్ట్జ్ మీద. అక్కడ రాగిలో స్కిన్ డెప్త్ (కరెంటు ఉపరితలం నుంచి లోపలికి దిగే లోతు) 9 మైక్రాన్లు. 10 గిగాలో 0.66 మాత్రమే. అందుకే రేకు 35 మైక్రాన్లున్నా కరెంటు ఉపరితలపు పలుచని పొరలోనే పోతుంది. బోర్డు పదార్థానికి అంటుకునే వైపు గరుకుగా ఉంటే లాస్ పెరుగుతుంది. నునుపు రాగి అడగండి. బంగారు పూత కింద నికెల్ ఉంటుంది, దానికి రెసిస్టెన్స్ ఎక్కువ. ఇమ్మర్షన్ సిల్వర్ (పలుచని వెండి పూత) మేలు. లైన్ మీద సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రంగు పూత) తీయించండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ముసురు. ఎఫ్‌ఆర్4 తేమ పీలుస్తుంది, దాంతో లాస్ పెరుగుతుంది. బోర్డుల్ని మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. వేసవిలో తీసిన రీడింగుని వానాకాలం రీడింగుతో పోల్చాల్సి వస్తే రెండు లైన్లనీ మళ్లీ కొలవండి.